పొలములోని విద్యుత్తు: ట్రాక్టరు బ్యాటరీ కథ

బాసర అక్షరాభ్యాసమునకు పేరొందిన క్షేత్రము. జ్ఞానసరస్వతి సన్నిధిని పలకపై తొలి అక్షరము దిద్దిన బిడ్డలే పెద్దవారై నేడు పొలములలో ట్రాక్టరు తాళము త్రిప్పుచున్నారు. తాళము త్రిప్పగానే ఇంజను మ్రోగుట మనకిప్పుడు వింత కాదు. కాని మృగశిర కార్తెలో వాన వెలిసి పదును కుదిరిన ఉదయమున అది మ్రోగకున్న యెడల ఏమి నష్టమో రైతునకే తెలియును. నల్లరేగడిలో పదును ఎవరి కొరకును ఆగదు. అట్టి నష్టమునకు మూలము పలుమారు ఇంజను కాదు, దాని ప్రక్కనుండు చిన్న పెట్టె. ఆ పెట్టె చరిత్రను తెలిసికొనుట మన కవసరము.

సీసపు పలకలను గంధకామ్లములో నుంచి, విద్యుత్తును నిలువచేసి మరల తీసికొనవచ్చునని 1859లో ఫ్రాన్సు దేశీయుడగు ప్లాంటే చూపెను. 1881లో ఫోర్ అను మరియొక ఫ్రెంచివాడు పలకలపై సీసపు ముద్దను పూసి నిలువశక్తిని పెంచెను. అయినను తొలి ట్రాక్టరులకు బ్యాటరీ లేదు. 1917లో వెలువడిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరును ఇనుప పిడితో చేతితోనే త్రిప్పవలసి యుండెను. పిడి వెనుకకు తన్నిన యెడల మణికట్టు విరిగెడిది. 1911లో కెటరింగ్ మోటారు కారునకు విద్యుత్ స్టార్టరును కనిపెట్టెను. మనవారు దానినే ‘సెల్ఫు’ అందురు. 1946 నుండి ఇంగ్లండున తయారైన ఫెర్గూసన్ ట్రాక్టరులో అది రైతు చేతికి వచ్చెను.

మన దేశమున 1959లో ఫరీదాబాదున ఐషర్ ట్రాక్టరు తయారైనది. 1960లో మద్రాసున టాఫే సంస్థ వెలసినది. 1963 జులై 26న బాసరకు దిగువన పోచంపాడు వద్ద నెహ్రూ పండితుడు శ్రీరామసాగరమునకు శంకుస్థాపన చేసెను. కాలువనీరు పారిన కరీంనగరు ప్రాంతమున వరి పెరిగినది, దమ్ము చేయుటకు ఎడ్ల స్థానమున కేజీవీలు ట్రాక్టరు దిగినది. 1985లో తిరుపతి వద్ద అమరరాజా సంస్థ వెలసి, 2000లో వాహనముల బ్యాటరీలను విపణికి తెచ్చెను. 2013లో జహీరాబాదున మహీంద్రా ట్రాక్టరుల కర్మాగారము ప్రారంభమైనది. ఈ విధముగా యంత్రమును, దాని విద్యుత్తును తెలుగుసీమలోనే తయారగుచున్నవి.

బ్యాటరీ విద్యుత్తును పుట్టించునది కాదు, దాచునది మాత్రమే. ఒక్కొక్క అరకు రెండు వోల్టుల చొప్పున ఆరు అరలకు పండ్రెండు వోల్టులు. సెల్ఫు కొట్టినపుడు కొన్ని క్షణములలో వందల ఆంపియర్లు ఖర్చగును. ఇంజను నడచునపుడు ఆల్టర్నేటరు ఆ లోటును పూరించును. వెనుకటి ట్రాక్టరునకు సెల్ఫు, దీపములు, హారను మాత్రమే ఖర్చు. నేడు లేజరు చదును యంత్రము, విద్యుత్ పంపుతో నడచు స్ప్రేయరు, విత్తనపు గొర్రుకు కట్టిన లెక్కించు సాధనము మొదలగునవి ఆ పెట్టె పైననే ఆధారపడుచున్నవి. 2023 జనవరి 1 నుండి 50 అశ్వశక్తికి మించిన కొత్త ట్రాక్టరులకు పొగ నియమములు కఠినమైనవి. అందువలన వానిలో డీజిలు సరఫరాను విద్యుత్ సాధనములు నడపుచున్నవి. బ్యాటరీ చాలకున్న అట్టి ఇంజను కదలదు.

లెక్క చూడుడు. 88 ఆంపియర్-గంటల బ్యాటరీకి 55 వాట్ల దీపములు నాలుగు కట్టిన యెడల గంటకు సుమారు 18 ఆంపియర్లు ఖర్చగును. ఇంజను ఆపి దీపములు వెలిగించిన, రెండున్నర గంటలు కాకమునుపే సగము నిలువ పోవును. తెల్లవారి సెల్ఫునకు మిగులునది ఎంత? ఇంజను మెల్లగా తిరుగునపుడు ఆల్టర్నేటరు ఇచ్చునది తక్కువ గనుక, అపుడు పనిముట్లన్నియు ఒక్కసారిగా నడిపినను ఇదే కష్టము.

కావున పనిముట్లు ఆపిన పిమ్మటనే ఇంజను ఆపవలెను. సెల్ఫును ఒక్క మారు పది సెకండ్లకు మించి కొట్టక, నడుమ నిమిషము ఆగవలెను. మూతలు తెరచు రకమునకు ఎండకాలమున డిస్టిల్డ్ వాటరు చూచి పోయవలెను. వాడని నెలలలో తీగ విప్పి, అప్పుడప్పుడు చార్జి చేయించవలెను. ఖాళీగా వదలిన యెడల పలకలపై గట్టిపడు పొర బ్యాటరీని నిరుపయోగము చేయును. పాత బ్యాటరీలోని సీసము నేలకు, బిడ్డలకు విషము. దానిని పారవేయక దుకాణమునకు తిరిగి ఇచ్చుటకు 2001 నుండి నిబంధనలు కలవు, 2022లో అవి మరింత కఠినమైనవి.

2020లో హైదరాబాదున సెలెస్టియల్ అను సంస్థ కేవల విద్యుత్తుతో నడచు ట్రాక్టరును చూపినది. అట్టివి మన పొలములకు వచ్చిన నాడు, బ్యాటరీ లెక్క తెలియుట నేటికన్న మిక్కిలి అవసరమగును.

ఇరువదియైదు సంవత్సరములుగా మన గ్రంథాలయము నేర్పినది ఒక్కటియే. తీసికొన్న పుస్తకమును తిరిగి చేర్చినపుడే మరియొకనికి అది దొరకును. బ్యాటరీ నియమమును ఇదియే. ట్రాక్టరు గల ప్రతి రైతును ఒక చిన్న పుస్తకమున నీరు పోసిన తేదీని, చార్జి చేసిన తేదీని వ్రాసికొన్న యెడల, మృగశిరలో పదును చేజారదు. పలకపై దిద్దిన అక్షరము పొలములో పనికివచ్చుటయన నిదియే గదా!