పర్‌దాదా ఘడీ

మా ఖాన్‌దాన్‌లో ఒక పాత చేతి ఘడీ ఉంది. స్టీలు కేసు, పసుపు తిరిగిన డయల్, ఆరు అంకె దగ్గర సెకన్ల ముల్లుకు వేరే చిన్న వలయం. పైన ఇంగ్లీషులో "వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ", కింద "సోవార్ ప్రైమా" అని ఉంటుంది. మా పర్‌దాదా నిజాం ఫౌజులో సవార్. హైదరాబాద్ లాన్సర్స్ గుర్రపు దళంతో 1914లో ఈజిప్టు వెళ్ళి, సూయజ్ కాలువకు కాపలా కాసి, 1918 నాటికి ఫలస్తీన్ దాకా పోయొచ్చారు. ఆ ఘడీ జంగ్ నుంచి తెచ్చిందేనని, సర్కారు సవార్లకు ఇచ్చింది కాబట్టే ఆ పేరు రాశారని మా ఫుప్పీ చెప్పే ఖిస్సా. "సుబూత్ ఎందుకు, ఘడీ మీదే రాసుంది కదా" అనేది.

కొన్నేళ్ళకు పాత కాగితాలు అమ్మే ఒకాయన దగ్గర ఒక ఇష్తిహార్ దొరికింది. అందులో మా ఘడీ బొమ్మే! ఆ కంపెనీ స్విట్జర్లాండ్‌ది. 1886 నుంచి ఆ పేరుతో బంబయి, కలకత్తాల్లో వ్యాపారం చేసింది. సెకుండస్, మ్యాచ్‌లెస్, క్వీన్ ఆన్ లాగే సోవార్ ప్రైమా కూడా దాని మోడల్ పేరు. మన "సవార్"నే అంగ్రేజీ ఫౌజీ నోట్లో పడి "సోవార్" అయింది. డబ్బులు పెట్టిన ఎవరైనా కొనుక్కోగలిగిన ఘడీ అది.

ఆ ఇష్తిహార్ ఏ ఏటిదో తెలియలేదు. తారీఖున్న అంచునే కత్తిరించేశాడా మహానుభావుడు! కాగితాల వ్యాపారులకు బొమ్మే ముఖ్యం, తారీఖ్ కాదు. అయినా ఇష్తిహార్ తన ఉమర్ తానే చెప్పుకుంటుంది. ధర రూపాయలు, అణాల్లో ఉంది. మన దేశంలో 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి కనక, అది అంతకు ముందుది. దెబ్బ తగిలినా చెడకుండా "ఇన్‌కాబ్లాక్" ఉందని గొప్పగా వేశారు. ఆ ఏర్పాటు పుట్టిందే 1934 ప్రాంతంలో. అంటే ఈ రెండు తేదీల మధ్య ఎక్కడో అచ్చయింది.

ఇక్కడే తొందరపడకూడదు. అచ్చు దిమ్మె ఒకసారి చేయిస్తే అదే బొమ్మను ఏళ్ళ తరబడి వేసేవారు. బొమ్మ పోలినంత మాత్రాన ఘడీ కూడా ఆ ఏటిదే అనలేం. డయల్ రాతనైతే అసలు నమ్మొద్దు. మన దగ్గర పాత డయల్‌కు కొత్తగా రంగేసి, పేరు రాసి అమ్మడం మామూలే. అందుకే ఘడీసాజ్ దగ్గరికి పోయి వెనక మూత తీయించాను. ఊగే చక్రం ఇరుసు మీది రాయిని పట్టి ఉంచే సన్నటి స్ప్రింగు, చిన్న వీణలా వంపు తిరిగి ఉంది. ఇన్‌కాబ్లాక్ నిషానీ అదే.

ఫుప్పీ తరఫున నేనే ఒక ఏతరాజ్ లేవదీశాను. పాత ఘడీలో తర్వాత ఎవరైనా కొత్త మిషన్ బిగించి ఉంటే? దానికి జవాబు కేసు ఇచ్చింది. ఆ జంగ్ కాలపు చేతి ఘడీలు చాలావాటికి పట్టీ తగిలించే చోట తీగను వంచి అతికించినట్టుంటుంది. మా ఘడీ కొమ్ములు కేసుతోపాటే పోతపోసినట్టున్నాయి, ఇష్తిహార్ బొమ్మలో ఉన్నట్టే. పర్‌దాదా సమాధి రాయి మీద 1349 హిజ్రీ అని ఉంది, అంటే 1930-31. ఆయన ఈ ఘడీని చూసి కూడా ఉండరు.

మరి ఎవరిది? 1946 నాటి నికాహ్ ఫోటోలో దాదాజాన్ ఎడమ మణికట్టు మీద ఇదే ఉంది. ఆయన నిజాం రైల్వేలో గుమాస్తా. తన్ఖా హాలీ సిక్కాల్లో వచ్చేది. బంబయి కంపెనీ ధర మాత్రం కల్దార్‌లో, అంటే అంగ్రేజీ రూపాయల్లో. నూరు కల్దార్‌కు దాదాపు 116 రూపాయల 11 అణాల హాలీ. ఇష్తిహార్‌లో ధర తక్కువైన మోడళ్ళు కూడా ఉన్నాయి. గుమాస్తా జేబుకు అవే నయం. ఆయన మాత్రం సోవార్ కొన్నారు. ఎందుకో ఎక్కడా రాసిపెట్టలేదు. నా అందాజా మాత్రం ఇది: వాళ్ళ నాన్న ఏమై ఉన్నారో ఆ మాట దుకాణం అద్దంలో కనబడింది, చెయ్యి అక్కడే ఆగింది.

ఇదంతా ఫుప్పీకి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ముందు నా మీద కోపమొచ్చింది, కాగితం ముక్క కోసం బుజుర్గుల మాట కొట్టేస్తావా అంది. తర్వాత ఘడీ తీసుకుని కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుంది.

"అబ్బా దీన్ని రాత్రిళ్ళు తలగడ కింద పెట్టుకునేవారు," అంది. "ఎప్పుడూ మాకు ఇచ్చేవారు కాదు."