మంచు తేనీరు



గడచిన వేసవిలో నా మనుమరాలు గాజుపాత్రలో మంచుముక్కలు వేసి, వానిపై తేనీరు పోసి, నిమ్మబద్ద పిండి నా చేతికిచ్చినది. "తాతయ్యా, దీనిని మొదట కనిపెట్టినవారెవరు?" అని యడిగినది. నేను తెనుగు పండితుడనే గాని, చరిత్ర బోధించువారు లేని యేండ్లలో ఆ పాఠములును నేనే చెప్పితిని. కావున తడుముకొనక, "1904వ సంవత్సరమున అమెరికాలోని సెయింట్ లూయిస్ నగర ప్రదర్శనమున పుట్టినది" అంటిని. ఆ యుత్తరము తప్పు. దానినే తరగతిలో నెందరు బాలురకు చెప్పితినో లెక్క లేదు. ఆ ఋణము కొంత తీర్చుకొనుటకే నేడు మాటాడుచున్నాను.

నేను చెప్పుచు వచ్చిన కథ యిది. రిచర్డ్ బ్లెచిండెన్ అను నాతడు భారతదేశపు తేయాకునకు అమెరికాలో గిరాకి కల్పించుటకై ఆ ప్రదర్శనమున కొట్టు పెట్టెను. ఎండ మండిపోవుచుండగా వేడి తేనీటిని ముట్టువారు లేరైరి. అంతట నాతడు దానిని మంచుపై పోసి యిచ్చెను, జనము విరగబడిరి. కథ వినుటకు సొంపుగా నున్నది. అందుచేతనే కాబోలు నేను పరీక్షింపకయే నమ్మితిని.

పిల్ల మాత్రము నమ్మలేదు. మరునాడు "హౌస్‌కీపింగ్ ఇన్ ఓల్డ్ వర్జీనియా" అను పాకగ్రంథము నా ముందుంచినది. అది 1879 నాటి ముద్రణము. అందు మంచు తేనీటి విధానము స్పష్టముగా నున్నది: ఇంచుమించు లీటరు మరిగిన నీటిలో రెండు చెంచాల పచ్చ తేయాకు ఉదయముననే నానవేసి, మధ్యాహ్నము కదలింపక వడకట్టి, సాయంకాలము మంచును చక్కెరయు నున్న పాత్రలలో పోయవలెనట. 1890లో మిస్సోరి రాష్ట్రమునందలి నెవాడా పట్టణమున మాజీ సైనికుల సమావేశములో 880 గాలనుల మంచు తేనీరు పంచిరి. బ్లెచిండెన్ దానికి ప్రచారము చేసిన మాట నిజము కావచ్చును. పుట్టించినవాడు మాత్రము కాడు.

ఇక మంచు మాట. తేయాకు మన దేశమునుండి అమెరికాకు ప్రచారమునకై పోక మునుపే, అమెరికా మంచు మన దేశమునకు వచ్చెను! బాస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ శీతకాలమున చెరువులపై గడ్డకట్టిన మంచును పలకలుగా కోయించి, రంపపు పొట్టులో పొదిగి ఓడలకెక్కించుచుండెను. 1833లో "టస్కనీ" అను నోడ 180 టన్నుల మంచుతో బయలుదేరి, నాలుగు నెలలు ప్రయాణించి, భూమధ్యరేఖను రెండు మారులు దాటి, కలకత్తా చేరెను. దారిలో కరగినది పోగా నూరు టన్నుల వరకు మిగిలెను. అస్సాము తేయాకు లండనులో మొదటిసారి వేలమునకు వచ్చినది 1839లో. అనగా మంచు వచ్చిన ఆరేండ్లకు.

మన తెలుగు జిల్లాలకు నాడు రాజధానియైన మదరాసులో 1842లో సముద్రతీరమున నొక మంచుగిడ్డంగి కట్టిరి. దొరలు, ధనికులు తప్ప దాని చలువ యెరిగినవారు తక్కువ. యంత్రములతో మంచు చేయుట వచ్చిన పిదప ఆ వ్యాపారము కరగిపోయినది. భవనము బిళిగిరి అయ్యంగారి చేతికి వచ్చినది. 1897లో వివేకానందస్వామి అందు బస చేసిరి. వివేకానందుల పేరు వహించినను, జనుల నోట నది నేటికిని ఐస్ హౌసే.

ఇంట చేయువారికి రెండు మాటలు. మంచు కరగి పలుచన చేయును గనుక ఆకు రెట్టింపు వేసి, మరిగిన నీటిలో నాలుగైదు నిమిషములే యుంచి వడకట్టవలెను. చిక్కని తేనీరు చల్లబడునపుడు కలక వారును. కషాయద్రవ్యమును కెఫీనును పెనవేసికొనుటచే నట్లగును, దోషము లేదు. కొంచెము వేడినీరు పోసిన తేటపడును. నీటిసీసాను ఎండలో నుంచి తేనీరు దింపుకొను పద్ధతి నాకు సమ్మతము గాదు. ఆ గోరువెచ్చన క్రిములను చంపదు, పెంచును. గడ్డకట్టినంత మాత్రమున నీటిలోని క్రిములు చావవు గనుక, మంచునకును కాచిన నీరే వాడుడు.

వైద్యుడు మా మనుమరాలిని పరీక్షించి, రక్తములో ఇనుము తక్కువయైనదనెను. ఆమె అన్నముతోపాటు రోజునకు మూడు గ్లాసులు త్రాగుచుండెడిది! పప్పులలోను, ఆకుకూరలలోను గల యినుమును తేనీటి కషాయద్రవ్యము పట్టి బంధించి, ఒంటికి పట్టనీయదు. అతిగా త్రాగిన మరియొక ముప్పు: అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రమున దినమునకు పదునారు గ్లాసులు త్రాగిన 56 ఏండ్ల మనుష్యుని మూత్రపిండములు ఆక్జలేటు పేరుకొని చెడినవని 2015లో వైద్యపత్రికలో వచ్చెను. ఒకటి రెండు గ్లాసులు త్రాగువారు దీనికి బెదరనక్కర లేదు. చక్కెర మాట వేరు. చల్లనిదానిలో తీపి నాలుకకు తక్కువ తోచును గనుక, తెలియకయే చెంచా వెనుక చెంచా పడును.

ఇపుడు మా యింట తేనీరు భోజనమైన రెండు గంటలకు గాని బయటికి రాదు. నా పాత్రలో చక్కెర వేయరు. మొన్న నొక పాత శిష్యుడు వచ్చినపుడు అతనికిని ఒక గ్లాసు పోయించి, 1904 సంగతి దిద్ది చెప్పితిని. "మాస్టారూ, ఆ ప్రశ్నకు నాకు మార్కులు వేసితిరి గదా!" యని నవ్వెను.