సాలూరు రికార్డు, సిక్కోలు పాట

పాతపట్నం పక్కనే ఉన్న పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, సవరల పాటల్ని, కథల్ని కాగితానికెక్కించారు. ఆ రోజుల్లోనే, 1902లో, కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గొంతు గ్రామఫోను రికార్డుకెక్కింది. ఉత్తరాంధ్ర పాట తర్వాత రెండు దారుల్లో నడిచింది. రికార్డు దారిన వెళ్ళినవాళ్ళకు పేరు దక్కింది. ఊళ్ళోనే ఉండిపోయిన పాటకు చాలాసార్లు అదీ దక్కలేదు.

రికార్డు దారికి పెద్ద దిక్కు సాలూరు. దాని దగ్గరి శివరామపురంలో 1922లో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు మృదంగ విద్వాంసుడు సన్యాసిరాజు గారి కొడుకు. 1930ల మొదట్లో, పసివయసులోనే, హచిన్స్ రికార్డుల కంపెనీకి పాడాడు. తర్వాత కలకత్తా వెళ్ళి పంకజ్ మల్లిక్, సైగల్‌ల సంగీతాన్ని దగ్గర నుంచి విన్నాడు. తిరిగొచ్చాక రావు బాలసరస్వతితో కలిసి పాడిన ‘తుమ్మెదా ఒకసారి’, ‘కోపమేల రాధ’ లాంటి లలితగీతాలు తెలుగిళ్ళలో మోగిపోయాయి.

నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ లక్క రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలకు అటూఇటూగా పట్టేది. కచేరీ విద్వాంసులకు అది ఇరుకు. రాజేశ్వరరావుకు అదే అనువైంది: రాగం విస్తరించే పని లేదు, పల్లవి చెవిన పడగానే పట్టెయ్యాలి. విలాయతీ పాప్ పాట మూడు నిమిషాల కొలతకూ మూలం ఈ రికార్డే. నన్నడిగితే తెలుగులో తొలి పాప్ పాటలు ఇవే. రాధ పేరున్నా వాటిలో భక్తి తక్కువ, చిలిపితనం ఎక్కువ.

1948లో ఎక్కువ సేపు పట్టే లాంగ్‌ప్లే రికార్డు వచ్చింది. 1967లో బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్ మొత్తాన్నీ ఒకే రచనలా వినిపించారు. మనకేమో సినిమాయే ఆల్బమ్ అయి కూర్చుంది. దాన్ని దాటి ఇల్లిల్లూ చేరింది ఘంటసాల భగవద్గీత. ఆయన చదువుకున్నదీ 1919లో విజయనగరంలో వెలిసిన గానపాఠశాలలోనే, పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర.

రెండో దారిది వేరే కథ. సిక్కోలు (శ్రీకాకుళం) జిల్లా బొడ్డపాడు విప్లవకవి సుబ్బారావు పాణిగ్రాహి, జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ ఏ స్టూడియో గడపా తొక్కకుండానే ఏజెన్సీ అంతా తిరిగింది. పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు పాట ‘ఏం పిల్లడో’ కూడా ముందు జనం నోళ్ళలో నాని, 1986లో ‘అర్ధరాత్రి స్వతంత్రం’ సినిమాతో తెరకెక్కింది. ఆయనకు పేరు మిగిలింది.

2020లో ‘పలాస 1978’ సినిమా కోసం రఘు కుంచె పాడిన ‘నక్కిలీసు గొలుసు’ కుర్రకారును ఊపేసింది. అదీ మన జానపదమే. ఇప్పుడు రికార్డింగుకు కంపెనీ అక్కర్లేదు, జేబులో ఫోను చాలు. అందుకే ఒక్క మాట: పల్లెలో ఏ అవ్వ చేతనో పాడించి రికార్డు చేసేవాళ్ళు, ఆవిడ ఒప్పుకుంటే, కింద ఆవిడ పేరు, ఊరు కూడా రాయండి. ‘జానపదం’ అని రాసేసి ఊరుకోకండి.