ఆర్మేనియన్ల నుంచి దోచిన సొత్తు: విమోచన ధనం నుంచి కోర్టుల దాకా

పాత ఆర్మేనియన్ చేతిరాత గ్రంథాల చివరి పుష్పికల్లో ఒక విశేషం ఉంది. దండయాత్రలో గ్రంథం శత్రువుల చేతికి చిక్కితే, మనిషి చెరపడ్డట్టే రాస్తారు. సొమ్ము చెల్లించి దాన్ని విడిపించిన వారి పేర్లూ అక్కడే చేరుస్తారు. పోయిన సంపదను రాబట్టుకునేందుకు ఆర్మేనియన్లు ఎరిగిన తొలి మార్గం ఈ విమోచన ధనమే. 1200-1202 మధ్య తోలు పత్రాల మీద రాసిన ముష్ ఉపదేశ సంపుటి ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. సెల్జుక్ దాడిలో దాని సొంతదారు హతుడై, గ్రంథం పరులపాలైంది. జనం చందాలు పోగుచేసి 4,000 వెండి నాణేలకు దాన్ని కొని, ముష్‌లోని అపొస్తలుల మఠంలో ఉంచారు.

1915లో ఒట్టోమన్ ప్రభుత్వం ఆర్మేనియన్లను ఊళ్లకు ఊళ్లే తరిమి చంపినప్పుడు ఈ గ్రంథాన్ని కాపాడింది ఇద్దరు మామూలు స్త్రీలు. సుమారు 28 కిలోల బరువు మోయలేక రెండు ముక్కలు చేశారు. ఒక సగం ఆర్మేనియన్ చర్చి కేంద్రమైన ఎచ్మియాడ్జిన్ చేరింది. ఎర్జురుంలో పాతిపెట్టిన రెండో సగాన్ని రష్యన్ సైన్యంలోని అధికారి ఒకరు వెలికితీశారు. ఈనాడు రెండూ యెరెవాన్‌లోని మతెనదరన్ భాండాగారంలో ఉన్నాయి. ఇంత అదృష్టం దక్కిన గ్రంథాలు కొన్నే.

మూకలు దోచుకున్నదాని కంటే చట్టం పేరుతో పోయినదాన్ని తిరిగి రాబట్టడం కష్టం. 1915 సెప్టెంబరులో తెచ్చిన తాత్కాలిక చట్టం, తరిమివేతకు గురైనవారి ఆస్తులను ‘వదిలివెళ్లిన ఆస్తులు’గా లెక్కగట్టి, వాటి పరిష్కారాన్ని సంఘాలకు అప్పగించింది. యజమానులను వెళ్లగొట్టింది ఎవరో ఆ పేరులో కనిపించదు. 1920 సెవ్ర్ సంధిలోని 144వ అధికరణం ఈ చట్టం అన్యాయమని టర్కీ చేత ఒప్పించి, రద్దు చేసి, ఆస్తులు వాపసు చేయించాలని చూసింది. ఆ సంధి అమలుకే రాలేదు. దాని స్థానంలో 1923లో వచ్చిన లొసాన్ సంధిలో ఆర్మేనియన్ల పేరే లేదు.

సోవియట్ పాలన కిందికి వచ్చిన ఆర్మేనియాలో కథ వేరు. యుద్ధభయంతో 1915లో ఎచ్మియాడ్జిన్ నుంచి మాస్కోకు తరలించిన నాలుగు వేలకు పైగా గ్రంథాలు 1922లో తిరిగొచ్చాయి. ఆలోగా ఎచ్మియాడ్జిన్ భాండాగారం జాతీయమైంది. అంటే గ్రంథాలు దేశానికి దక్కాయి, చర్చికి కాదు.

1967లో లండన్‌లోని సదబీస్ సంస్థ 23 ఆర్మేనియన్ గ్రంథాలను వేలానికి ప్రకటించింది. అవి జెరూసలేం ఆర్మేనియన్ పీఠం భాండాగారానివని తేలడంతో గగ్గోలు పుట్టి, వేలం ఆగిపోయి, గ్రంథాలు పీఠానికి చేరాయి. హక్కు అడగడానికి పీఠం బతికి ఉంది. తక్కినచోట్ల కొరవడింది అదే.

టర్కీలో మిగిలిన మైనారిటీ సంస్థలు 1936లో తమ ఆస్తుల జాబితాలు సమర్పించాయి. ఆ తర్వాత సంపాదించిన ఆస్తి చెల్లదని 1974లో ఉన్నత న్యాయస్థానం తేల్చడంతో స్థలాలు, భవనాలు ఒక్కొక్కటే చేజారాయి. 2011 నాటి ప్రభుత్వ ఉత్తర్వు 1936 జాబితాల్లో ఉన్నవాటిలో కొన్నిటి వాపసుకు, చేతులు మారినవాటికి పరిహారానికి దారి తెరిచింది. కానీ అడగడానికి సంస్థే మిగలని ఊళ్లకు అది వర్తించలేదు. 1915లో ఖాళీ అయినవి ఎక్కువగా ఆ ఊళ్లే. వాన్ సరస్సులోని అఖ్తమార్ చర్చిని బాగుచేసి 2007లో తెరిచినా, చర్చిగా కాదు, మ్యూజియంగా. 2010 నుంచి ఏడాదికోసారి ప్రార్థనకు అనుమతి ఇచ్చారు.

మ్యూజియాలపై దావాల్లో ప్రసిద్ధమైనది జైతూన్ సువార్తలది. 1256లో యూఫ్రటీస్ ఒడ్డున హ్రోమ్‌క్లాలో తోరోస్ రోస్లిన్ చిత్రించిన ఈ గ్రంథం, అతని సంతకంతో దొరికినవాటిలో తొలిది. ముందు వచ్చే ఎనిమిది పుటల్లో, తోరణాల్లాంటి చట్రాల మధ్య సువార్తల సమన్వయ పట్టికలుంటాయి. 1915 కల్లోలంలో ఆ పుటలు వేరుపడి అమెరికా చేరాయి. మూలగ్రంథం మతెనదరన్‌కు వచ్చింది. 1994లో గెట్టీ మ్యూజియం పుటలను కొంది. ఆర్మేనియన్ చర్చి పశ్చిమ అమెరికా శాఖ 2010లో లాస్ ఏంజెలెస్‌లో 10.5 కోట్ల డాలర్లకు దావా వేసింది. 2015 సెప్టెంబరులో రాజీ కుదిరింది. పుటలు చర్చివేనని గెట్టీ ఒప్పుకుంది, చర్చి వాటిని గెట్టీకే దానమిచ్చింది. హక్కు వచ్చింది, వస్తువు కదలలేదు. ఓటమి అన్నవారూ ఉన్నారు గాని, దాతగా నిలవాలంటే ముందు యజమాని కావాలి. 1915 తర్వాత ఆ గుర్తింపు ఇంత స్పష్టంగా దొరికిన సందర్భాలు అరుదు.

2015లోనే ఆర్మేనియన్ చర్చికి చెందిన సిలీషియా పీఠం తన పాత కేంద్రమైన సిస్ మఠం స్థలం కోరుతూ టర్కీ రాజ్యాంగ న్యాయస్థానానికెళ్లింది. అర్జీ నిలవక, స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవహక్కుల న్యాయస్థానం తలుపు తట్టింది.

కరబాఖ్ కోసం ఆర్మేనియా, అజర్‌బైజాన్‌ల మధ్య 2020లో జరిగిన యుద్ధం తర్వాత అక్కడి ఆర్మేనియన్ సంపద ప్రశ్న ముందుకొచ్చింది. ఆర్మేనియన్ చర్చిలు, శ్మశానాలు, కళాఖండాలపై విధ్వంసం జరగకుండా చూడాలని అంతర్జాతీయ న్యాయస్థానం 2021 డిసెంబరులో అజర్‌బైజాన్‌ను ఆదేశించింది. ఆ ఉత్తర్వు రక్షణకే గాని వాపసుకు కాదు. 2023 సెప్టెంబరులో లక్షకు పైగా ఆర్మేనియన్లు కరబాఖ్ వదిలిపోయారు. మఠాలు, శ్మశానాలు అక్కడే ఉండిపోయాయి.