పిస్తోలు మనది, బోర్ హుకూమత్‌ది



మా మనోహరాబాద్‌లో బోర్ అంటే ఎవరికైనా నీళ్ల బోరే గుర్తొస్తుంది. ఈమధ్య నౌజవాన్లు మాత్రం ఇంకో బోర్ మీద బహస్ చేస్తున్నారు. ఫోన్లో వీడియోలు చూసి, 1911 మోడల్ పిస్తోలు .45లో మేలా, 9 ఎంఎంలో మేలా అని నన్నూ అడుగుతున్నారు. అమెరికాలోనైతే ఈ సవాల్‌కు జవాబు దుకాణంలో దొరుకుతుంది. మన ముల్క్‌లో తవారీఖ్ చదవాలి.

ముందు ఆ .45 ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. ఫిలిప్పీన్స్ దక్షిణాన సులు, మిందనావో దీవుల్లో మోరో ముసల్మానులున్నారు. 1899 తర్వాత అమెరికా ఫౌజ్ అక్కడికి వెళ్లింది. తన .38 రివాల్వర్ తూటా తగిలినా మోరోలు ఆగకుండా మీదికొస్తున్నారని సిపాయిల షికాయత్. 1904లో పశువుల మీద, శవాల మీద తూటాలు పేల్చి చూశారు. .45కు తగ్గకూడదని తేల్చారు. జాన్ బ్రౌనింగ్ ఆ కొలతకు తయారు చేసిన పిస్తోలును 1911 మార్చి 29న ఫౌజ్ మంజూరు చేసింది. ఈలోగా 1906 మార్చిలో బుద్ దాజో కొండ మీద ఆడవాళ్లు, పిల్లలతో సహా వందల మంది మోరోలు అమెరికా ఫౌజ్ చేతిలో చనిపోయారు. వీడియోల్లో ఈ సంగతి చెప్పరు.

ఆ పిస్తోలు మోడల్ మారలేదు, బోర్ మారుతూ వచ్చింది. 1929లో కోల్ట్ కంపెనీ దాన్నే .38 సూపర్‌లో తెచ్చింది. మెక్సికోలో దానికి గిరాకీ బాగా పెరిగింది. తూటా మీద మోజు ఒక్కటే కారణం కాదు. ఫౌజ్ వాడే .45ను అవామ్ పెట్టుకోకూడదని అక్కడి కానూన్. ఇటలీలోనూ దశాబ్దాలపాటు ఫౌజీ 9 ఎంఎం తూటా అవామ్‌కు మనా. అక్కడ తూటా గొట్టం 19 మిల్లీమీటర్లకు బదులు 21 ఉన్న తూటాతో పని నడిపించారు.

మన దగ్గర ఈ ఖౌఫ్ ఇంకా పాతది. 1878 ఆయుధాల చట్టంతో హిందుస్తానీలకు లైసెన్స్ తప్పనిసరి అయింది, యూరోపియన్లకు మినహాయింపు. 1907లో అంగ్రేజ్ సర్కార్ .450 బోర్ తూటాల దిగుమతిని ఆపేసింది. వేటగాళ్ల సరుకు బాగీల చేతుల్లోని పాత మార్టినీ రైఫిళ్లకు పనికొస్తుందని భయం. లండన్ తుపాకుల కంపెనీలు వెంటనే .470, .465 అంటూ కొత్త కొలతలు తెచ్చాయి. పులి మీద పేలే తూటా సైజును కూడా బగావత్ భయమే తేల్చింది.

ఆజాదీ వచ్చాక 1959 చట్టం, 1962 నియమాలు అదే ఉసూల్ నిలబెట్టాయి. ఫౌజ్, పోలీసుల 9 ఎంఎం తూటా పట్టే పిస్తోలు, .455 తూటా పట్టే రివాల్వర్ 'ప్రొహిబిటెడ్ బోర్' అయ్యాయి. మామూలు లైసెన్సుదారుకు ఎక్కువగా మిగిలింది .32. స్పెయిన్‌లో లామా కంపెనీ 1911 రూపాన్నే చిన్నది చేసి .32లో తయారు చేసింది. .45 తూటా బరువు 230 గ్రెయిన్లు, .32ది 71. మూడో వంతు కూడా లేదు.

అలాగని .32ను ఖిలౌనా అనుకోకండి. భగత్ సింగ్ చేతిలోని కోల్ట్ .32దే. అలహాబాద్ మ్యూజియంలో ఉన్న చంద్రశేఖర్ ఆజాద్ కోల్ట్ కూడా .32దే.

ఇప్పుడు అసలు సంగతి. 2019 సవరణ తర్వాత ప్రొహిబిటెడ్ ఆయుధం గానీ, తూటా గానీ ఇజాజత్ లేకుండా దగ్గరుంటే సజా కనీసం 7 ఏళ్లు, 14 ఏళ్లదాకా పోవచ్చు. ఎవరో దోస్త్ 'సస్తాగా దేశీ 9 ఎంఎం ఇప్పిస్తా' అంటే, అతను అమ్మేది పిస్తోలు కాదు, మీ జవానీ. ఒక కొడుకు జైలుకు పోతే ఖాందాన్ అంతా కచ్చేరీల చుట్టూ తిరగాలి. నిఖా కావలసిన చెల్లెలు ఇంట్లో కూర్చోవాలి.

ఇంకో మాట పెద్దలకు. నిజాం జమానాలో జాగీర్దారీ చేసిన ఇళ్లలో దాదాగారి సందూక్ అడుగున పాత వెబ్లీ రివాల్వర్ ఉండొచ్చు. అది .455 కావచ్చు. యాద్‌గార్ అని దాచకండి. లైసెన్సుదారు ఇంతెకాల్ అయ్యాక ఆయుధాన్ని దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ జమా చేయాలి. రసీదు తీసుకోండి. ఆ తర్వాత వారసులు తమ పేరున దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఈ జుమా తర్వాత తీరిక దొరికితే ఆ సందూక్ ఒకసారి తెరిచి చూడండి. గొట్టం మీద ఏ నంబర్ చెక్కి ఉందో పిల్లలకు కూడా చదివి వినిపించండి.