చలికాలపు జ్వరం.. జలుబేనని వదిలేయొద్దు

తెనాలి, బాపట్ల, రేపల్లె: కృష్ణా డెల్టాలో చలి అంత తీవ్రంగా ఉండదు. తీర ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దిగి, సాధారణం కంటే కనీసం నాలుగున్నర డిగ్రీలు తక్కువగా నమోదైతేనే భారత వాతావరణ శాఖ దానిని శీతల గాలులుగా పరిగణిస్తుంది. సముద్రానికి చేరువలోని బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో అలాంటి రాత్రులు అరుదు. ఇక్కడ శీతాకాలపు ముప్పు చలి కంటే ఆ రోజుల్లో సాగే పొలం పనుల్లోనే ఎక్కువగా పొంచి ఉంటుంది.

పొలం గట్లపై నల్లి

ఈశాన్య రుతుపవనాల వర్షాలు తగ్గుముఖం పట్టగానే వరి కోతలు, నూర్పిళ్లు ఊపందుకుంటాయి. గట్ల మీద గడ్డి, పొదలు అప్పటికే ఏపుగా పెరిగి ఉంటాయి. స్క్రబ్ టైఫస్ జ్వరాన్ని కలిగించే నల్లి జాతి పురుగులకు ఇదే ఆవాసం. వీటి పిల్ల పురుగులు కంటికి ఆనవు, కుట్టినా నొప్పి తెలియదు. కుట్టిన ఒకటి నుంచి మూడు వారాల్లోపు జ్వరం, తీవ్రమైన తలనొప్పి, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్లు నల్లటి చెక్కు కడుతుంది. అది చంకల్లో, నడుము వద్ద, గజ్జల్లో ఉండటంతో రోగి గుర్తించడు, అందరిలోనూ కనిపించదు కూడా. ఈ జ్వరం ఒకరి నుంచి మరొకరికి సోకదు.

2025 నవంబరు, డిసెంబరు నెలల్లో రాష్ట్రంలోని పలు జిల్లాల్లో ఈ కేసులు వెలుగు చూడటంతో ప్రజల్లో ఆందోళన వ్యక్తమైంది. నిజానికి ఇది కొత్త వ్యాధి కాదు, మందులు దొరకనిదీ కాదు. డాక్సీసైక్లిన్, గర్భిణులకైతే అజిత్రోమైసిన్ సకాలంలో వాడితే జ్వరం సాధారణంగా రెండు మూడు రోజుల్లో అదుపులోకి వస్తుంది. చిక్కల్లా పెన్సిలిన్, అమాక్సిసిలిన్ తరగతి మందులు దీనిపై పనిచేయకపోవడమే. ఊళ్లో వేయించుకున్న ఇంజెక్షన్లతో తగ్గుతుందని వారం పది రోజులు వేచి చూస్తే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతినే ప్రమాదముంది. జ్వరం ఐదు రోజులు దాటినా కారణం తేలకపోతే ఈ వ్యాధిని అనుమానించాలని, పరీక్ష ఫలితం కోసం ఆగకుండా చికిత్స ఆరంభించాలని భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి.

బురద నీటిలో ఎలుకల మూత్రం ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్, నిలిచిన నీటిలో పెరిగే దోమలతో వచ్చే డెంగీ కూడా ఈ కాలంలో ఇవే లక్షణాలతో తారసపడతాయి. అందువల్ల పొలానికి వెళ్లిన సంగతి వైద్యునికి ముందే చెప్పడం అవసరం.

వృద్ధులు, పసిపిల్లలు

తెల్లవారుజామున చలికి రక్తనాళాలు కుంచించుకుని రక్తపోటు పెరుగుతుంది. గుండెజబ్బు ఉన్నవారు మంచు విడిచాకే నడకకు వెళ్లడం మేలు. నూర్పిళ్ల దుమ్ము, గడ్డి తగలబెట్టిన పొగ ఆస్తమా రోగులను ఇబ్బంది పెడతాయి. తక్కువ బరువుతో పుట్టిన శిశువులను తల్లి ఎదపై చర్మానికి చర్మం తగిలేలా ఉంచుకోవాలి. చలిమంట, కుంపటి తలుపులు మూసిన గదిలో పెట్టడం ప్రాణాంతకం.

లెక్క ఎలా తేలుతుంది?

2004 నవంబరులో ప్రారంభమైన సమగ్ర వ్యాధి నిఘా పథకం తొలి విడతలోనే ఆంధ్రప్రదేశ్ చేరింది. ఏఎన్ఎంలు లక్షణాలను, వైద్యులు అనుమానిత కేసులను, ప్రయోగశాలలు నిర్ధారిత కేసులను వేర్వేరుగా నమోదు చేస్తారు. ఒకప్పుడు వారానికోసారి వెళ్లే ఈ వివరాలు 2021 నుంచి ఆన్‌లైన్‌లో చేరుతున్నాయి. ఒకే ఊరిలో జ్వరాలు ఒక్కసారిగా పెరిగితే అక్కడికి వైద్య బృందాన్ని పంపడానికి ఈ లెక్కే ఆధారం. ప్రభుత్వ ఆసుపత్రికి రాకుండా ఊళ్లోనే మందులు వాడినవారు ఇందులోకి రావడం కష్టం.

2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో తెనాలి గుంటూరు జిల్లాలో ఉండగా, రేపల్లె, బాపట్ల కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. వైద్యం కోసం రేపల్లె వాసులు రైలెక్కి తెనాలికి, గుంటూరు సర్వజనాసుపత్రికి వెళ్లడం మాత్రం మారలేదు. చీటీ రాయించుకునేటప్పుడు తెనాలిలోని బంధువుల ఇంటి చిరునామా చెబితే జ్వరం తెనాలి ఖాతాలో పడుతుంది. సొంత ఊరు, మండలం పేర్లు చెబితేనే పురుగు ఉన్న పొలం గట్టు వరకు సిబ్బంది వెళ్లగలుగుతారు.