ఆర్ట్స్ కాలేజీ ముందు

హైదరాబాద్‌లో మా అడిక్‌మెట్ దిక్కు "మీటింగ్ ఎక్కడ?" అని ఎవరినైనా అడగండి, "ఆర్ట్స్ కాలేజీ ముందు" అంటారు. ఆ జాగకు వేరే పేరు లేదు. వెడల్పాటి మెట్లు, వాటి ముందు రోడ్డు, కాస్త ఖాళీ స్థలం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఊరేగింపు బయలుదేరాలన్నా, సభ పెట్టాలన్నా కాళ్లు అటే నడుస్తాయి.

అడిక్‌మెట్ ఒకప్పుడు కవయిత్రి మహలఖా బాయి చందా జాగీరు. ఆమె పేరున్న దిగుడుబావి పక్కనే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఆవరణలో ఉంది. 1918లో ఏడో నిజాం ఉర్దూ మాధ్యమంలో నెలకొల్పిన ఉస్మానియా మొదట గన్‌ఫౌండ్రీ దగ్గర నడిచి, తర్వాత ఊరి బయటి ఈ రాళ్ల నేలకు వచ్చింది. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ నమూనాతో 1934లో పునాది వేశారు. 1939 డిసెంబరు 4న ఆర్ట్స్ కాలేజీ ప్రారంభమైంది. గులాబీ ఛాయ గ్రానైటు. స్తంభాల్లో అజంతా, ఎల్లోరా పోలికలు, కమానుల్లో ఇస్లామీ పోకడలు. చూసినవాడు తలెత్తి నిలబడిపోవాలని నిజాం కట్టించాడు. చదువుకోను వచ్చిన పిల్లలు ఆ మెట్ల మీద చతికిలబడి ముచ్చట్లు పెట్టారు. ముచ్చట్లు ముదిరి సభలయ్యాయి.

భవనం పూర్తి కాకముందే, 1938లో, హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్లగొట్టారు. చాలామంది నాగపూర్ వెళ్లి చదువు కొనసాగించారు. 1969లో ఖమ్మం జిల్లాలో అంటుకున్న ప్రత్యేక తెలంగాణ ఉద్యమాన్ని ఉస్మానియా పిల్లలు తలకెత్తుకున్నారు. 1972 ఏప్రిల్ 14న విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డిని క్యాంపస్‌లోనే చంపారు. ఆయన పేరుతో నినాదాలు ఇప్పటికీ వినిపిస్తాయి.

మా తరం కళ్లారా చూసింది 2009 చలికాలంలో మళ్లీ రగిలిన తెలంగాణ ఉద్యమం. బాష్పవాయువు ఘాటు చుట్టుపక్కల ఇళ్లదాకా వచ్చేది. తలుపులు మూసి తడిగుడ్డలు మొహానికి అద్దుకునేవాళ్లం. డిసెంబరు 9 రాత్రి, తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన వెలువడింది. అది వెనక్కి పోతుందేమోనన్న గుబులు మధ్యే 2010 జనవరి 3న ఇక్కడ విద్యార్థి గర్జన జరిగింది. జిల్లాల నుంచి జనం తరలివచ్చారు. డప్పు, పాట, ఉపన్యాసం కలగలిసిపోయాయి. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది.

రోజూ పోరాటాలే అనుకోకండి. తెల్లవారితే తార్నాక, విద్యానగర్ పెద్దమనుషులు నడకకు వస్తారు. పట్టా అందుకున్న పిల్ల అమ్మానాన్నలను మెట్ల మీద నిలబెట్టి ఫొటో దిగుతుంది. దసరా ముందు ఆడపిల్లలు బతుకమ్మ ఆడతారు. ఎంఎంటీఎస్ రైలు ఆగే స్టేషన్ పేరు కూడా ఆర్ట్స్ కాలేజీయే.

భవనం ఎప్పుడు కట్టారో, ఎవరు గీశారో పుస్తకాల్లో దొరుకుతుంది. మెట్ల ముందు ఎవరు ఏం మాట్లాడారో, ఏ పాటకు జనం లేచి నిలబడ్డారో చాలావరకు మనుషుల నోట్లోనే ఉంది. 1969 చూసినవాళ్లు మా బస్తీల్లో ఇంకా ఉన్నారు, డెబ్భై దాటి. మీ ఇంట్లో అలాంటి తాతో, అమ్మమ్మో ఉంటే ఒక సాయంత్రం పక్కన కూర్చుని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి.